ఆటిజముగల పెద్దల సభకు మా ప్రయాణము

సభలన్నచో మనకు క్రొత్త కాదు. వేదికయు, మైకును, పూలదండలును, శాలువలును, ఒకరి వెనుక నొకరుగా లేచి పలుకు వక్తలును, వెనుక వరుసలో బిడ్డల నోదార్చుచు కూర్చుండు తల్లులును గలది మన మెరిగిన సభ. గడచిన చలికాలమున హైదరాబాదులో మేము చూచి వచ్చిన సభలో తల్లులు వెనుక వరుసలో నుండుట యొక్కటి తప్ప తక్కిన వేవియు లేవు. అది ఆటిజముగల పెద్దల కొరకు జరిగిన సభ. పసిపిల్లల కొరకు కాదు, వైద్యుల కొరకును కాదు. ఇరువది, ముప్పది, ఏబది యేండ్లు నిండిన ఆటిజముగల స్త్రీపురుషులే అందు మాటలాడిరి, వారే వినిరి. మావంటివారిని విని యూరకుండుటకై రానిచ్చిరి.

మేము పోవుటకు కారణము మా అక్కగారి కుమారుడు. మా యిల్లును, అక్కగారి యిల్లును వికారాబాదు జిల్లా కుల్కచర్లలో ఒకే వీధిని గలవు. వానికి ఇరువదియేడేండ్లు. అయినను ఇంటిల్లిపాదియు నేటికిని వానిని ‘చిన్నోడా’ అనియే పిలుతుము. వాడు మాటలాడును గాని మిక్కిలి తక్కువ. వీధిలో నల్లానీరు ఎప్పుడు వచ్చునో, ఎప్పుడు నిలుచునో గడియారము చూడకయే చెప్పును. చేటెడు కందులు ముందుంచిన, ఒక్క రాయియైన మిగులకుండ ఏరిపెట్టును. కుక్కరు ఈల వేసినచో చెవులు మూసికొని పెరటిలోనికి పరుగెత్తును. జాతర దినములలో డప్పుల మ్రోత వినబడినంతసేపు ధాన్యపు గదిలో తలుపు వేసికొని కూర్చుండును. క్రొత్తవారి కన్నులలోనికి చూడడు. చుట్టములు వచ్చి పలుకరించిన, మాట రాక గోడవైపు తిరుగును.

ఆటిజము రోగము కాదు, అంటునది కాదు. మెదడు పుట్టుకనుండియే వేరొక తీరున పెరుగుటచే, చూపు, వినికిడి, స్పర్శ, మాట, చెలిమి అను వీనియందు ఆ మనిషి నడక మన నడకకంటె వేరుగ నుండును. కొందరు బొత్తిగ మాటలాడరు. కొందరు గొప్ప చదువులు చదివి ఉద్యోగములు చేయుదురు. 1943లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున లియో కానర్ అను వైద్యుడు పదునొకండుగురు పిల్లలను గూర్చి వ్రాసిన వ్యాసముతో ఈ స్థితి లోకమునకు తెలిసినది. ఆ పిమ్మట చాలకాలము తల్లుల నెత్తిన పెద్ద నింద పడినది. తల్లి మనసు చల్లబడి యుండుటచేతనే బిడ్డ ఇట్లయ్యెనని పండితులే పలికిరి. తానును ఆటిజముగల బాలుని తండ్రియైన బెర్నార్డ్ రిమ్లాండ్ 1964లో గ్రంథము వ్రాసి ఆ వాదమును ఖండించెను. 1977లో కవలలపై జరిగిన పరిశోధన ఇందు వంశపారంపర్యమునకు గొప్ప పాలు గలదని చూపెను. అయినను మన యూళ్ళలో ఆ నింద పోలేదు. గ్రహణమునాడు తల్లి బయట తిరిగెననియు, గర్భిణిగ నున్నప్పుడు చూడరానిది చూచెననియు మా అక్కగారు ఇరువదియైదేండ్లుగ వినుచునే యున్నది. ఈ పుట చదువువారిలో ఆ మాట పడిన తల్లి యుండినచో, తప్పు ఆమెది కాదని మేము మొట్టమొదటనే చెప్పుచున్నాము.

సభకు పోవలెనన్నప్పుడు మా బావగారు “వానికేమి తెలియును? మీరిద్దరు పోయి విని రండు” అనిరి. మాకును అదియే బాగని తోచినది. కాని పిలుపు వచ్చిన కాగితము వేరుగ నుండెను. అందు సభాభవనపు వాకిలి, కూర్చుండు హాలు, భోజనశాల, స్నానపు గది అన్నిటి ఛాయాచిత్రములు వరుసగ నుండెను. ఏ గంటకు ఏమి జరుగునో, ఎక్కడ చప్పుడు ఎక్కువగ నుండునో, ఎక్కడ ఉండదో వ్రాసియుండిరి. ఆ కాగితమును వాడు చూచి, మడిచి, తన దిండు క్రింద పెట్టుకొనెను. ప్రతి రాత్రియు తీసి చూచుకొనెను. ఇక విడిచిపెట్టి పోవుట ఎట్లు?

తెల్లవారుజామున బస్సెక్కి పరిగి, చేవెళ్ళల మీదుగ నగరము చేరితిమి. 2023 డిసెంబరు 9వ తేదినుండి తెలంగాణమున ఆర్టీసీ సాధారణపు బస్సులలో స్త్రీలకు చార్జీ లేదు గదా. టిక్కెట్టు వానికొక్కనికే కొంటిమి. ఇట్టి ప్రయాణములకు ఇంటి మగవారి జేబు వైపు చూడనక్కర లేకపోవుట చిన్న మేలు కాదు. దారిపొడుగున వాడు ఆ కాగితము చేతబట్టుకొనియే కూర్చుండెను.

వాకిటనే మాకు మొదటి పాఠము దొరకినది. వచ్చినవారికి మెడలో వేసికొనుటకు మూడు రంగుల చీటీలు బల్లమీద నుంచిరి. ఆకుపచ్చ చీటి వేసికొన్నవారికి మాటలాడవలెనని కోరిక గలదు గాని తామై మొదలిడలేరు. ఎవరైనను వచ్చి పలుకరింపవచ్చును. పసుపుపచ్చ యైనచో ఎరిగినవారు మాత్రమే పలుకరింపవలెను. ఎరుపు యైనచో ఎవరును పలుకరింపరాదు. వాడు తడవుకొనక ఎరుపు చీటి తీసికొని మెడలో వేసికొనెను.

అక్కగారి ముఖము చిన్నబోయెను. ఇంత దూరము తీసికొనివచ్చినది నలుగురిలో కలియుటకే గదా! ఆమె చేయి చాచి ఎరుపు చీటి తీసి ఆకుపచ్చది వేయబోయెను. బల్లయొద్ద కూర్చున్న నలువదియేండ్ల స్త్రీ, తానును ఆటిజముగలదే, మా వైపు చూడకయే మెల్లగ “అమ్మా, అది ఆయన చీటి” అనెను.

ఆమె యన్నది అంతియే. మా చెవులలో మాత్రము ‘ఆయన’ అను మాట నిలిచిపోయెను. ఇరువదియేడేండ్లలో ఆ బిడ్డను గూర్చి ఎవరును ‘ఆయన’ అని పలుకగా మేము వినలేదు. పొరుగింటివారు, బడిలో పంతుళ్ళు, మందులిచ్చినవారు, అక్కగారు, ఈ వ్యాసము వ్రాయుచున్న మేము, అందరమును ‘వాడు’ అనియే యంటిమి. అదియు తరచుగ అతని యెదుటనే, అతడు లేనట్లుగ. అతని యీడువారు మా వీధిలో ఇద్దరు బిడ్డల తండ్రులై ‘అన్నా’ యనిపించుకొనుచున్నారు. కావున ఇకమీద ఈ పుటలో మేము ‘అతడు’ అనియే వ్రాయుదుము.

హాలులో దీపములు సగము ఆర్పియుండిరి. మైకు ధ్వని తగ్గించియుండిరి. దండలు లేవు, శాలువలు లేవు. వక్త ముగించినప్పుడు చప్పట్లు కొట్టలేదు. అందరును చేతులు పైకెత్తి గాలిలో వ్రేళ్ళు కదిలించిరి. కొందరు కూర్చుండిరి, కొందరు నిలుచుండిరి, ఒకాయన గోడవెంట అటునిటు నడచుచునే వినెను. ఎవరును వారిని కుదురుగ కూర్చుండుమని యనలేదు. ప్రక్కనే నిశ్శబ్దపు గది యొకటి యుండెను. అందు మాటలాడరాదు. మా అక్క కుమారుడు కొంచెముసేపు హాలులో నుండి, ఆ గదిలోనికి పోయి సగము దినము అందే గడపెను. అక్కగారు రెండుమూడు మారులు తొంగిచూచి వచ్చి, వచ్చిన పని చెడెనని నిట్టూర్చెను.

ఈ యేర్పాటులు ఇక్కడివారు క్రొత్తగ కల్పించినవి కావని మాకు చెప్పిరి. 1992లో అమెరికాలో జిమ్ సింక్లేర్ మున్నగు ఆటిజముగలవారు తమకై తామొక సంఘము పెట్టుకొని, 1996లో ‘ఆట్రీట్’ అను వార్షిక సమావేశము ఆరంభించిరి. రంగు చీటీలు ఆ సమావేశములనుండియే వ్యాపించినవి. 2005లో ఇంగ్లండున ‘ఆట్‌స్కేప్’ అను అట్టి సమావేశము మొదలయ్యెను. అదే సింక్లేర్ 1993లో టొరంటో నగరమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము ప్రసిద్ధమైనది. దాని సారమిది: మీరు కోరుకొన్న బిడ్డ పుట్టలేదని దుఃఖింతురు, అది మీ దుఃఖము, దానిని మీరు వేరుగ తీర్చుకొనుడు, మీ యెదుటనున్న బిడ్డ చావలేదు, బ్రతికియే యున్నాడు, మీ కొరకు వేచియున్నాడు. ఈ మాట మొదట విన్నప్పుడు తల్లి మనసునకు కఠినముగ తోచును. ఇంటికి వచ్చి ఆలోచించినకొలది దాని యందలి దయ తెలియును.

వక్తలలో ఇద్దరి మాటలు మా పాఠకులకు చెప్పక తీరదు. ఒకామె ముప్పదియెనిమిదవ యేట, తన కుమారుని చూపించుటకు పోయినప్పుడు, తనకును ఆటిజము గలదని తెలిసికొనెను. ఆడపిల్ల మాటలాడకున్న అణకువ యందురు. కన్నెత్తి చూడకున్న సిగ్గు అందురు. ఒంటిగ కూర్చున్న బుద్ధిమంతురాలందురు. ఆ మెప్పుల చాటున ఆమె కష్టము ఎవరికిని కనబడలేదు. అత్తవారింట పెండ్లిండ్లు, పేరంటములు గడచిన తరువాత రెండేసి దినములు తలనొప్పితో పడియుండెడిది. దానికి ‘ఒళ్ళువంచదు’ అను పేరు వచ్చెను. లెక్కలలో మగపిల్లలే అధికముగ కనబడుటకు, ఆడపిల్లలలో దీనిని గుర్తింపకపోవుట ఒక కారణమని నేటి పరిశోధకులును ఒప్పుకొనుచున్నారు.

రెండవ యాయన ఏబదియేండ్లు దాటినవాడు. మధ్యాహ్నము తల్లిదండ్రులకు ప్రశ్నలడుగ సెలవిచ్చిరి. మా అక్కగారు లేచి, ఈ దేశమున ఇట్టి బిడ్డల తల్లులందరును అడుగు ప్రశ్నయే యడిగెను: “మేము పోయిన తరువాత నా బిడ్డ గతి యేమి?” ఆ పెద్దమనిషి నేల చూచుచు ఇట్లు చెప్పెను. ఆయన తల్లి నాలుగేండ్ల క్రిందట కాలము చేసినది. ఆమె ఆయనకు అన్నియు చేసిపెట్టెను. కడుపు నొచ్చిన ఆమెయే చెప్పెను, చొక్కా ఏది తొడుగవలెనో ఆమెయే తీసియిచ్చెను. ఆమె పోయిన పిమ్మట ఇంటిలో బియ్యము, పప్పు ఉండగనే ఆయన మూడు దినములు అరటిపండ్లు తిని యుండెను. పొరుగింటి తలుపు తట్టి ఏమని యడుగవలెనో ఆయనకు తెలియదు. “మా యమ్మ నన్ను ప్రేమించినది. కాని నన్ను దేనికిని అడుగలేదు. నేను అడుగుటయు నేర్చుకొనలేదు” అని ముగించెను. చేతులు గాలిలోనికి లేచినవి. మా అక్కగారి చేతులు మాత్రము ఒడిలోనే యుండెను. ఆమె కంట నీరు నిండెను.

సాయంకాలము బస్సులో మేము మాటలాడుకొనలేదు. చేవెళ్ళ దాటిన తరువాత అతడు మెడలోని ఎరుపు చీటిని పట్టుకొని, కిటికీ వైపు చూచుచునే, “చిన్నమ్మా, ఇది ఇంట్ల గూడ” అనెను. ఇంటిలోను ఎరుపు చీటి కావలెనని యర్థము. తనంత తానుగ అతడు మమ్మడిగిన కోరికలలో ఇంతకంటె పెద్దది మాకు జ్ఞాపకము లేదు.

చీటి ఇచ్చుట సులభము, నిలుపుట కష్టము. పది దినములకే బావగారి వైపు చుట్టములు వచ్చిరి. అతడు చీటి వేసికొని ధాన్యపు గదికి పోయెను. పెద్దవారొకరు పిలిచిరి, పలుకలేదు, రెండవమారు పిలిచిరి. బావగారు చరచర గదివైపు నడచిరి. మా అక్కగారు, ఆ యింట ఎన్నడును పెదవి విప్పని మనిషి, వాకిట నిలిచి “ఆయనకిప్పుడు మాటలాడుట ఇష్టము లేదు. కొంచెమాగి వచ్చును” అనెను. చుట్టములకు కొంత కష్టము తోచియే యుండును. కాని ఆయన ముప్పావు గంటకు తానుగనే వచ్చి, మంచినీళ్ళ చెంబు పెద్దాయన ముందుంచి పోయెను. పూర్వమైనచో పిలుపులతోను, గద్దింపులతోను ఆ దినము ఏడ్పుతో ముగిసెడిది. బావగారు ఇప్పటికిని దీని నంతగ నొప్పుకొనలేదు. అయినను చీటిని తీసివేయలేదు.

ఇక అక్కగారి ప్రశ్న. దానికి ఒక్క సభలో ఉత్తరము దొరకదు. అయినను ఒక జీవితకథ మాకు ధైర్యమిచ్చినది. కానర్ వైద్యుడు వ్రాసిన పదునొకండుగురిలో మొదటివాడు డొనాల్డ్ ట్రిప్లెట్. అతడు పుట్టినది మహానగరమున కాదు. మిసిసిపీ రాష్ట్రములో ఫారెస్ట్ అను చిన్న ఊరిలో. పసితనమున అతనిని దూరపు ఆశ్రమములో చేర్చిరి. తల్లిదండ్రులు వైద్యుల మాట కాదని 1938లో ఇంటికి తెచ్చుకొనిరి. అతడు కాలేజీ చదువు ముగించి, ఊరి బ్యాంకులో పనిచేసి, కారు నడపుట నేర్చి, దేశదేశములు తిరిగెను. తల్లిదండ్రులు పోయిన తరువాతను పెరిగిన యింటనే బ్రతికి, 2023 జూన్‌లో ఎనుబదితొమ్మిదవ యేట మరణించెను. వారికి ధనము గలదు, నిజమే. తమ తరువాత అతనికి జరుగుబాటు ముందే కల్పించిరి. కాని ధనముతోబాటు ఊరును గలదు. ఆ యూరివారు అతని తీరును ఎరిగి, నవ్వక, ఏడిపింపక, తమవాడనుకొనిరి. ధనము మనకు లేకపోవచ్చును. ఊరు మనకును గలదు. కుల్కచర్లలో నల్లా నీటి వేళ తెలియక అతని నడుగు ఇండ్లు ఇప్పటికే నాలుగు గలవు.

జరుగుబాటుకు మన ప్రభుత్వపు చట్టములును కొంత తోడ్పడును. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క విధముల వైకల్యములలో ఆటిజమును చేర్చినది. దానిని కొలుచుటకు నలువది అంశముల భారతీయ కొలమానమును సిద్ధపరచినది మన సికింద్రాబాదు మనోవికాస్ నగరులో 1984లో స్థాపింపబడిన జాతీయ సంస్థయే. ఆ కొలత ననుసరించి ధ్రువపత్రమిచ్చు పద్ధతి 2016లో ఏర్పడెను. పెద్దవారికిని పత్రము లభించును. ‘వయసు మీరినది, ఇప్పుడేల’ యని మానుకొనవలదు. పింఛనునకును, బస్సు రాయితీకిని, యూడీఐడీ కార్డునకును అదియే మూలము. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద ‘నిరామయ’ ఆరోగ్య భీమా గలదు. ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్యవ్యయమునకు ఆసరా. పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట తల్లిదండ్రులు తమంతట చట్టరీత్యా సంరక్షకులు కారని చాలమంది యెరుగరు. అవసరమైనచో జిల్లా కలెక్టరుగల స్థానిక కమిటీకి దరఖాస్తు చేసికొనవలెను. 2016 అక్టోబరులో వికారాబాదు జిల్లా యేర్పడినందున మావంటివారికి ఆ కచేరీ దగ్గరైనది. కాని సభలోని పెద్దలు ఇంకొక మాటయు చెప్పిరి: తోడుండిన తానే నిర్ణయించుకొనగలవాని చేతినుండి సంతకమును తొందరపడి తీసికొనవలదు. పైన చెప్పిన 2016 చట్టమును, వైకల్యముగలవారికి ఇతరులతో సమానముగ చట్టరీత్యా అధికారము గలదనియే చెప్పుచున్నది.

పెండ్లిని గూర్చియు ఒక్క మాట. ‘పెండ్లి చేసిన కుదురును’ అని మా అక్కగారికి సలహా చెప్పనివారు లేరు. పెండ్లి మందు కాదు. ఆటిజముగలవారు పెండ్లియాడరాదని మేమనుట లేదు. తాము కోరి, అవతలివారు ఎరిగి, ఇష్టపడి చేసికొన్న సంసారములు గలవు. సంగతి దాచి తెచ్చిన కోడలు మాత్రము మరియొక తల్లి బిడ్డ. అట్టి మోసమునకు స్త్రీలమైన మనము పాలుపడరాదు.

సోదరీమణులారా, మీ యింటనో, పొరుగింటనో ఇట్టివారుండినచో ఈ నెలలో ఒక్క పని చేసి చూడుడు. దినమునకొక్క విషయములో వారి నడుగుడు: ఏ చొక్కా? అన్నమా, రొట్టెయా? చుట్టములలోనికి వత్తురా, రారా? మాట రానివారికి రెండు వస్తువులు ముందుంచి, చేయి దేనివైపు పోవునో చూడుడు. ‘వద్దు’ అన్నచో ఆ మాటను నిలుపుడు. నేడు మన యెదుట వద్దనుట నేర్చిన బిడ్డయే రేపు మనము లేని దినమున పొరుగింటి తలుపు తట్టి కావలెనని యడుగగలడు.

ఈ వ్యాసము ముగించి ఆయనకు చదివి వినిపించితిమి. తన్ను గూర్చి వ్రాయుటకు ముందుగ అనుమతి యడుగుట మేము మరచితిమని అప్పుడు తోచి, పేరు వేయవచ్చునా యని యడిగితిమి. ఆయన కొంచెముసేపు కందులేరుచు, “పేరు వద్దు. మిగిలినది సరె” అనెను. కనుక పేరు వేయలేదు.